మిరుగు పడకముందే కాలువలు తవ్వండి: గని కట్టేటోళ్లకు ఒక బహిరంగ లేఖ

గోదావరి లోయలో కొత్త ఓపెన్‌కాస్ట్ (పైనుంచి నేల తెరిచి తవ్వే) బొగ్గు గనుల పనులు చేయిస్తున్న ప్రాజెక్టు అధికార్లకు, ఆ పనులు పట్టిన కాంట్రాక్టు కంపెనీల సైట్ ఇంచార్జులకు, పొల్యూషన్ కంట్రోల్ బోర్డు ఇంజనీర్లకు నమస్కారం.

నేను సివిల్ డిప్లొమా చదివి ఇరవై ఆరేండ్లు కోల్‌బెల్ట్ సైట్లలో పనిచేసిన మనిషిని. హాల్ రోడ్లు (గనిలో డంపర్లు తిరిగే రోడ్లు), మోరీలు, సీహెచ్‌పీ (బొగ్గు పగలగొట్టి పంపే ప్లాంటు) ఫౌండేషన్లు, వర్క్‌షాప్ షెడ్లు, ఇవన్నీ కాంట్రాక్టర్ల కింద దగ్గరుండి చేయించిన. ఇప్పుడు పని మానేసి ఊర్లో ఉంటున్న, రెండెకరాల చెల్క, చెరువు కింద ముప్పై గుంటల పొలం ఉంది. అంటే గని కట్టే దిక్కున నిలబడి చూసిన, దాని నీళ్లు వచ్చి పడే దిక్కున కూడా నిలబడి చూస్తున్న. గనులు వద్దని రాస్తలేను, మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ పని మీదనే. ఎట్ల కడుతున్నరు, ఏది ముందు ఏది ఎనక అనే దాని మీదనే నా గోస అంతా.

గని అంటే అందరికీ బ్లాస్టింగ్, దుమ్ము, పెద్ద పెద్ద డంపర్లు గుర్తుకొస్తయి. కానీ నేను చూసినంతలో నీళ్లకు పెద్ద దెబ్బ తగిలేది మొదటి టన్ను బొగ్గు బయటికి రాకముందే, కన్‌స్ట్రక్షన్ నడుస్తున్నప్పుడు వచ్చే మొదటి వానాకాలంలో. ఎందుకంటే అప్పుడు నేల పూర్తిగా బోసిగా ఉంటది, చెట్టు పోయి ఉంటది, కాలువలు ఇంకా వచ్చి ఉండవు, ఎన్విరాన్‌మెంట్ సెక్షన్‌లో మనుషులు కూడా ఇంకా పూర్తిగా చేరి ఉండరు. అందుకే కాలువలు, నీళ్లను ఆపి బురద అడుక్కు దింపే సెట్లింగ్ పాండ్లు ముందు కట్టండి, ఆ తర్వాతే నేల గీకండి, ఇదొక్కటే నేను అడుగుతున్నది. వినడానికి చాలా చిన్న మాట, కానీ ఇరవై ఆరేండ్లలో ఈ వరసలో పని జరిగిన సైటు నాకు ఒక్క చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంత కూడా కనపడలే.

ఒక సైటు సంగతి చెప్తా. పేరు చెప్పను, ఏ గని అని కూడా చెప్పను, నాతోపాటు పనిచేసినోళ్లు ఇంకా అదే లైన్‌లో ఉన్నరు. ఫిబ్రవరిలో జంగిల్ కటింగ్ మొదలైంది, మే ఆఖరికల్లా దాదాపు వంద హెక్టార్ల నేల మీద చెట్టు లేదు, గడ్డి లేదు, పైమట్టి కూడా డోజర్లు గీకేసినయి. ప్లాన్‌లో సైటు చుట్టూ దండ లెక్క తిరిగే గార్లాండ్ డ్రెయిన్ ఉంది, దాని చివర మూడు గదుల సెట్లింగ్ పాండ్ ఉంది, డ్రాయింగ్ నా టేబుల్ మీదనే ఉంది. కానీ తవ్వలే. మిషన్లన్నీ బాక్స్ కట్ (గనికి మొదట తవ్వే గుంత) దగ్గర, హాల్ రోడ్డు దగ్గర ఉన్నయి, పైనుంచి పొద్దున లేస్తే వచ్చే ఫోన్ "రోడ్డు ఎంతవరకు వచ్చింది" అనే గానీ "డ్రెయిన్ ఎంతవరకు వచ్చింది" అని ఒక్కనాడు ఎవరూ అడగలే. నేను రెండుసార్లు చెప్పిన, మూడోసారి ఊరుకున్న. ఊరుకోవడం నా తప్పు, ఇప్పటికీ అనుకుంటా.

జూన్ మూడో వారంలో ఒక్క రాత్రి వాన. పొద్దున పోయి చూస్తే సైటు మీది మట్టి సగం ఒర్రెలో ఉంది, ఒర్రె నీళ్లు కింద ఊరి పత్తి చేన్ల మీదుగా చెరువులోకి పోయినయి. రెండ్రోజులాగి ఆ చేన్లకు పోయిన. అప్పుడే మొలిచిన పత్తి, రెండాకుల మొలకలు, వాటి మీద బూడిదరంగు బురద బొటనవేలు మందాన పరుచుకుని ఎండకు పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఒక పెద్దాయన పెచ్చు ఒకటి లేపి నా చేతిలో పెట్టిండు. కింద మొలక పాలిపోయి, పెచ్చుకే అతుక్కుని వేరుతో సహా వచ్చింది. "ఇది చెరువు మట్టయితే నేనే బండి కట్టి తోలుకుందును సారూ, ఇది మట్టి కాదు గదా" అన్నడు. నా దగ్గర మాట లేదు. ఆ పెచ్చు అరచేతిలో నలిపితే పిండి లెక్క రాలింది, అంతే.

ఆయన అన్న మాట ఇంజనీర్లకు వివరంగా చెప్పాలె, ఎందుకంటే మనవాళ్లు చాలామంది "మట్టే గదా, పొలంలో పడితే ఏమైతది" అంటరు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక తీస్తుంటే రైతులు సొంత ట్రాక్టర్లు పెట్టుకుని మరీ ఆ మట్టి తోలుకున్నరు, ఎందుకంటే అది ఎన్నో ఏండ్లు పొలాల పైనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు, ఆకు అలము కుళ్లిన సత్తువ దాంట్లో ఉంటది. ఓబీ, అంటే బొగ్గు మీదినుంచి తవ్వి తీసే ఓవర్‌బర్డెన్, అట్ల కాదు. భూమి లోపల పదుల మీటర్ల కింద ఉన్న ఇసుకరాయి, షేల్, వాటి పొడి. ఎన్నడూ వేరు తగలని, ఎండ చూడని మట్టి అది. పొలం మీద పడితే మూత పెట్టినట్టు గట్టిపడతది, చెరువులో పడితే తూముకు అడ్డం పడతది. రెండింటినీ బిల్లులో "ఎర్త్" అని ఒకటే పేరుతో రాస్తం గానీ రైతుకు రెండూ వేరు.

లెక్క చూద్దాం. ఒక హెక్టారు మీద వంద మిల్లీమీటర్ల వాన పడితే పది లక్షల లీటర్లు. వంద హెక్టార్లు గీకి పెట్టినమంటే ఒక్క వానకు పది కోట్ల లీటర్లు. అయిదు వేల లీటర్ల వాటర్ ట్యాంకర్లతో లెక్కేస్తే ఇరవై వేల ట్యాంకర్లు. అడవి ఉన్నప్పుడు అందులో చాలా భాగం నేల తాగేది, ఆకులు ఆపేవి, మెల్లగా దిగేది. డోజర్ తొక్కి గట్టిపడిన నేల మీద అదంతా గంటల్లో ఉరికొస్తది, మట్టిని కూడా వెంట తెస్తది. ఇరవై వేల ట్యాంకర్ల నీళ్లకు మనం కట్టింది ఏంది అంటే డ్రాయింగ్ షీటు.

పాండ్ తవ్వినా సరిగ్గా తవ్వకపోతే అది ఉత్త గుంటనే. ఇసుక రేణువు కదలని నీళ్లలో మీటరు లోతు దిగడానికి నిమిషం కూడా పట్టదు, సన్నమట్టికి ముప్పావు గంట పట్టొచ్చు, కానీ రెండు మైక్రాన్ల బంకమట్టి రేణువుకు మీటరు దిగాలంటే దాదాపు మూడ్రోజులు పడతది. వానాకాలంలో మూడ్రోజులు నీళ్లు కదలకుండా ఏ పాండ్‌లో ఉంటయి? అందుకే పైకి పాండ్ ఉన్నట్టే కనపడతది, కిందికి పోయే నీళ్లు మాత్రం చాయ్ రంగులోనే పోతుంటయి. మా నాయనమ్మ వానాకాలం వాగు నీళ్లు తెచ్చి కుండలో పోసినంక చిల్లగింజను గంధం తీసినట్టు అరగదీసి కలిపేది, తెల్లారేసరికి బురద అడుక్కు పోయి పైన నీళ్లు తేటగా ఉండేవి. పెద్ద ఎత్తున చేసే పని కూడా అదే, పటికనో వేరే మందో సరైన పాళ్లలో కలిపితే ఆ సన్న రేణువులన్నీ ముద్దలు కట్టి దిగుతయి. ఎంత కలపాలో ఆ సైటు మట్టితోనే గ్లాసుల్లో చేసి చూసుకోవాలె, ఎక్కువైతే అదొక నష్టం. ఇంకోటి, నీళ్లు లోపలికి వచ్చే మూల ఒకటి, బయటికి పోయే మూల దానికి ఎదురుగా దూరంగా ఉండాలె. రెండూ పక్కపక్కన పెట్టిన పాండ్ నేను కండ్లారా చూసిన, నీళ్లు ఇట్ల వచ్చి అట్ల పోతున్నయి, మిగతా పాండ్ అంతా ఊరికే నిలబడి ఉంది.

"అంత పెద్ద వాన ఎప్పుడొస్తది లే" అనే మాట ఇంక ఎవరూ అనకండి దయచేసి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది, ఓపెన్‌కాస్టుల్లో నీళ్లు నిండి పనులు ఆగినయి. మరుసటేడే, 2023 జూలై ఆఖర్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడ్డది. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది, జనం ఇండ్ల మీదికెక్కి కూర్చున్నరు. అది గని వల్ల అంటలేను, ఆ వాన అట్లాంటిది. కానీ అదంతా బొగ్గు నేలనే, అదే వాగుల పక్కన మనం నేల గీకుతున్నం.

అంత వానకు సరిపోయే పాండ్ ఎవరూ కట్టలేరు, ఒప్పుకుంటా. కానీ నిండినప్పుడు ఎక్కడినుంచి పొర్లాలె అన్నది కట్టొచ్చు గదా. లక్ష్మీదేవిపేట ఉన్న మండలంలోనే పాలంపేట ఉంది, రామప్ప చెరువు ఉంది. ఎనిమిది వందల ఏండ్ల చెరువు ఆ వానకు కూడా కట్ట నిలబడ్డది. నిండితే నీళ్లు పోయేటందుకు అలుగు అంటూ ఒకటి పెట్టిండ్రు అప్పటోళ్లు. మన సెట్లింగ్ పాండ్లకు మాత్రం అలుగు ఉండదు, నాలుగు దిక్కులా మట్టి కట్ట పోసి వదిలేస్తం, నిండితే ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతది, తెగితే అప్పటిదాకా ఆపిన బురద మొత్తం ఒక్కసారి కింద ఊరి మీద పడతది. పాండ్ లేకపోవడం కన్నా అలుగు లేని పాండ్ ఒక్కోసారి ఎక్కువ నష్టం చేస్తది. రాతి పిచింగ్ చేసి ఒక అలుగు పెట్టడానికి పది ట్రిప్పుల రాయి సరిపోతది.

ఇది నా సొంత తెలివి ఏం కాదు. మీకు కేంద్రం ఇచ్చిన ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్ కాయితం తీసి చదవండి. క్యాచ్ డ్రెయిన్లు, సిల్టేషన్ పాండ్లు తగిన సైజులో కట్టాలని, గనిలో నీళ్లు చేరే సంపు కెపాసిటీ ఒక్కసారిగా కురిసే పెద్ద వాన మీద ఇంకో యాభై శాతం ఎక్కువ పెట్టుకుని డిజైన్ చేయాలని, పూడిక ఎప్పటికప్పుడు తీయాలని, పైమట్టిని కేటాయించిన జాగాలోనే పెట్టి ఎక్కువకాలం వాడకుండా ఉంచొద్దని, బొగ్గు గనుల క్లియరెన్సుల్లో మామూలుగా ఉండే షరతులే ఇవి. షరతు ఉంది గానీ ఎప్పటిలోపు చేయాలె అనే తారీఖు లేదు. తారీఖు లేని పని సైటులో ఎప్పుడైతదో సైటులో పనిచేసినోళ్లకు తెలుసు.

పొల్యూషన్ బోర్డు వాళ్లకు ఒక మాట. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కంపెనీ ఆర్నెల్లకోసారి కంప్లయన్స్ రిపోర్టు ఇయ్యాలె, జూన్ 1న ఒకటి, డిసెంబర్ 1న ఒకటి. ఆ తారీఖులు ఒకసారి మన కార్తెల పక్కన పెట్టి చూడండి. జూన్ 1 అంటే రోహిణి ఎండ, మిరుగు, అంటే మృగశిర కార్తె, ఇంకా పడలే, ఒర్రెలు ఎండి ఉంటయి. డిసెంబర్ 1కి వాన పోయి, బురద ఎండి, మీద గడ్డి కూడా మొలిచి ఉంటది. మొత్తం నష్టం జరిగేది ఆ రెండు రిపోర్టుల నడుమనే. రిపోర్టు అబద్ధం కాకపోవచ్చు, కానీ వానలో వాగు ఎట్ల ఉందో దాంట్లో ఎక్కడా కనపడదు. అందుకే మీరు కాన్ఫరెన్స్ హాల్‌కు కాకుండా, ముందు చెప్పకుండా, పెద్ద వాన పడిన మరునాడు పొద్దున్నే గని కింద ఉన్న మోరీ దగ్గరికి రండి. నీళ్లలో తేలే మట్టి లీటరుకు వంద మిల్లీగ్రాములు దాటొద్దని బొగ్గు గనులకు రూల్ ఉంది గదా, అక్కడ నీళ్లు పట్టండి, పంపు ఆపిన రోజు ఔట్‌లెట్ దగ్గర కాదు.

సైట్ ఇంచార్జులతో మాట్లాడాలంటే బిల్లుల భాషలో మాట్లాడాలె, నాకు తెలుసు. బీఓక్యూలో (టెండర్‌లో పనుల కొలతలు, రేట్లు రాసే పట్టీ) డ్రెయిన్లు, పాండ్లు ఎప్పుడూ ఆఖరి పేజీల్లో ఉంటయి, రేటు తక్కువ, క్వాంటిటీ తక్కువ. కాంట్రాక్టర్‌కు పైసలు వచ్చేది ఓబీ క్యూబిక్ మీటర్ల మీద, రోడ్డు కిలోమీటర్ల మీద. తప్పు ఒక్క కాంట్రాక్టర్‌ది అనలేను, ఆ కాయితం రాసినోళ్లదీ ఉంది. అందుకే ప్రాజెక్టు అధికార్లను అడుగుతున్న: టెండర్‌లోనే ఒక్క లైన్ రాయండి, గార్లాండ్ డ్రెయిన్, సెట్లింగ్ పాండ్, దాని అలుగు పూర్తయి లెవెల్స్ చెక్ అయ్యేదాకా జంగిల్ కటింగ్ తప్ప వేరే ఏ పనికీ మొదటి రన్నింగ్ బిల్లు పాస్ కాదని. ఒక్క సీజన్‌లో మొత్తం మారిపోతది చూడండి. జంగిల్ కటింగ్ కూడా ఆ ఏడు పనికి ఎంత కావాలో అంతే చేయండి, వంద హెక్టార్లు ఒక్కసారి బోసి చేయాల్సిన పని లేదు, మూడేండ్ల తర్వాత తవ్వే నేల మీద చెట్లు ఇప్పుడే ఎందుకు కొట్టాలె?

"నెలరోజులు లేటైతది" అంటరు. మా సైటులో ఆ జూన్ వాన తర్వాత బాక్స్ కట్‌లో నీళ్లు తోడడానికి, కొట్టుకుపోయిన హాల్ రోడ్డు మళ్లీ పోయడానికి, ఊరోళ్లు రోడ్డుకు అడ్డం కూర్చుంటే మాట్లాడడానికి రెండు నెలలు పైనే పోయింది. పరిహారం కొందరికి వచ్చింది, కొందరికి రాలే. ఆ పెద్దాయనకు వచ్చిందో లేదో నేను అక్కడినుంచి వచ్చేసేదాకా తేలలే.

ఒర్రెల సంగతి. హాల్ రోడ్డు ఒర్రెను దాటేచోట రెండు హ్యూమ్ పైపులు పెట్టి పైన మట్టి కొట్టేస్తం, ఎండాకాలం చూసి పైపు సైజు డిసైడ్ చేస్తం. మన దిక్కు చెరువులు గొలుసుకట్టు, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండాలె. ఒక్క ఒర్రె పైపు మూసుకుపోతే ఒక్క పొలం కాదు, ఆ గొలుసు మొత్తం ఎండతది, లేకపోతే మొత్తం తెగుతది. పైపు పెట్టేముందు కింది ఊర్లో నీరటి పని, అంటే చెరువు నీళ్లు పంచే పని, చేసిన ముసలాయన ఉంటే ఆయనను పిలిచి పెద్ద వానకు ఈ ఒర్రె ఎక్కడిదాకా వచ్చేదో చూపించమనండి, చెట్టు మీద గుర్తు పెట్టి మరీ చూపిస్తడు. ఒర్రెను మళ్లించాల్సి వస్తే కొత్త కాలువ ఎండాకాలంలోనే తవ్వి, రాయి పరిచి, గట్టున వట్టివేళ్లో గడ్డో పట్టించినంకనే నీళ్లు అటు తిప్పండి.

బ్యాచింగ్ ప్లాంట్ కూడా చిన్న విషయం అనుకుంటరు. ట్రాన్సిట్ మిక్సర్లు పనయినంక డ్రమ్ము కడిగేది ఎక్కడ? ఒర్రె పక్కన, నీళ్లు దొరుకుతయి కాబట్టి. సిమెంటు కడిగిన నీళ్ల పీహెచ్ పన్నెండు దగ్గర ఉంటది, వదలాల్సిన నీళ్లకు తొమ్మిది దాటొద్దని రూల్. మడుగులో చిన్న చేపలు తెల్లగా తేలితే ఎవరో మందు కలిపిండ్రని ఊర్లో ఒకరినొకరు అనుమానించుకున్నరు ఒకసారి, మందు కాదు, మా మిక్సర్ నీళ్లు. ఒక గుంట తవ్వి ప్లాస్టిక్ షీట్ పరిచి అందులోనే కడగమంటే అయిపోయే పని. డీజిల్ ట్యాంకు చుట్టూ గోడ కూడా అట్లనే.

ఇంక బావులు, బోర్లు. బాక్స్ కట్ భూమిలోని నీటిమట్టం కన్నా కిందికి దిగినప్పటి నుంచి రాత్రింబగళ్లు పంపులు నడుస్తయి, చుట్టుపక్కల బావులు తగ్గుతయి. అప్పుడు రైతు "గని వల్ల ఎండింది" అంటడు, కంపెనీ "వాన తక్కువ పడ్డది" అంటది, ఎవరి మాటకూ రుజువు ఉండదు. మొదటి బ్లాస్టింగ్‌కు ముందే చుట్టూ ఊర్లలో ప్రతి బావి, బోరు నీళ్ల లోతు టేపు పెట్టి కొలిచి, ఆ రైతును పక్కన నిలబెట్టి ఫోటో తీసి, లిస్టు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. ఆ తర్వాత ఏప్రిల్-మే, ఆగస్టు, నవంబర్, జనవరి, ఏడాదికి నాలుగుసార్లు కొలవాలని మీ షరతుల్లోనే ఉంటది, అవి కూడా అదే గోడకు అంటించండి. తగ్గితే తగ్గిందని అందరికీ కనపడతది, తగ్గకపోతే కంపెనీకే మంచిది.

అడుగున పోయేది ఏదైనా మూసేముందు చూపించండి. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టులో టెయిలింగ్ పాండ్ (ఖనిజం తీసినంక మిగిలే బురద పోసే చెరువు) అడుగు లైనింగ్ మీద ఏండ్ల తరబడి గొడవ నడిచింది, ఊరోళ్లు బోరు నీళ్లు పాడైనయని అన్నరు, కంపెనీ కాదంది. పాండ్ నిండినంక అడుగు ఎవరు చూస్తరు? కెనడాలో మౌంట్ పాలీ రాగి-బంగారం గనిలో అట్లాంటి బురదను ఆపే డ్యాం 2014 ఆగస్టు 4న తెగింది, ఎంక్వయిరీ చేసినోళ్లు తేల్చింది ఏందంటే పునాది కింద బలహీనమైన బంకమట్టి పొర ఉన్న సంగతి డిజైన్ చేసేటప్పుడు పట్టుకోలేదని. బొగ్గు గనిలో బొగ్గు కడిగే వాషరీ బురద పాండ్ అయినా, ఓబీ డంపు అయినా ఇదే వర్తిస్తది. పునాది తెరిచి ఉన్నరోజు ఊరి నుంచి నలుగురిని పిలిచి చూపించడానికి ఒక పూట పడతది.

ఊర్లలో ఉన్న పిల్లలకు కూడా ఒక మాట. పెద్ద వాన పడ్డరోజు ఖాళీ నీళ్ల బాటిళ్లు రెండు తీసుకుని గనికి పైన ఒర్రెలో ఒకటి, గనికి కింద ఒకటి నింపండి. తారీఖు, టైము స్కెచ్ పెన్‌తో రాసి కిటికీలో పెట్టండి. రెండ్రోజులకు అడుగున పేరుకున్న మట్టిని స్కేలు పెట్టి కొలిచి ఫోటో తీయండి. దీన్ని ల్యాబ్ రిపోర్టు అనరు, కానీ అట్లాంటి ఇరవై బాటిళ్లు వరుసగా టేబుల్ మీద పెడితే ఏ ఆఫీసర్ అయినా కుర్చీలోంచి లేచి చూస్తడు.

ఈ ఏడు పని మొదలుపెట్టే సైటు మీదైతే మిరుగుకు ఇంకా టైముంది. ఒక ఎక్స్‌కవేటర్, రెండు టిప్పర్లు రోడ్డు పని నుంచి తప్పించి నలభై రోజులు డ్రెయిన్ మీద పెట్టండి. లెవెల్స్ చూడడానికి మనిషి లేడంటే కబురు చేయండి, ఎత్తుపల్లాలు చూసే నా డంపీ లెవెల్ పాతదే గానీ ఇంకా సరిగ్గానే చూపిస్తది, కొలత కర్ర పట్టుకోవడానికి మా తమ్ముని కొడుకు వస్తడు, కూలి ఏమీ వద్దు. అలుగు ఎక్కడ పెట్టాలో మాత్రం కింది ఊరోళ్లను కూడా పిలిచి వాళ్ల ముందే గుర్తు పెడదాం.

ఇట్లు,
కోల్‌బెల్ట్‌లో పనిచేసి ఊరు చేరిన ఒక సైట్ ఇంజనీరు